మట్టి చెప్పిన సాక్ష్యం: మనవలకు ఆంగ్లో-సాక్సన్ల కథ



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. శాతవాహనుల గురించీ, కాకతీయుల గురించీ రాయగలవారు మన సంఘంలోనే చాలామంది ఉన్నారు. అందుచేత నేను కొంచెం దూరం పోయి ఇంగ్లండు దేశపు ఆంగ్లో-సాక్సన్ల సంగతి ఎత్తుకున్నాను. వారి రాజుల సంగతి కూడా కాదు. వారి ఇల్లూ వాకిలీ, తిండీ బట్టా, పిల్లాజెల్లా ఎట్లా ఉండేవో, అది చిన్నపిల్లలకు ఎట్లా చెప్పాలో రాస్తాను.

"మనకెందుకయ్యా ఆ గొడవ?" అనేవారు ఉంటారు. మన సభ్యులలో ఎందరికో పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు. అక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలో ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలకు ఈ ఆంగ్లో-సాక్సన్ల పాఠం ఉంది. మా మనవరాలికీ వచ్చింది. ఫోనులో "తాతయ్యా, నీకు వాళ్లు తెలుసా?" అని అడిగితే "మీ నాన్ననడుగమ్మా" అని తప్పుకోవడం మనకు గౌరవం కాదు. పైగా ఈ పాఠంలో తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు మాత్రమే చెప్పగల సంగతులు కొన్ని ఉన్నాయి.

ఎవరు వీరు?

క్రీ.శ. 410 ప్రాంతంలో రోమన్ ప్రభుత్వం బ్రిటన్ మీద చేయి వదిలేసింది. ఆ 5వ శతాబ్దంలోనే ఇప్పటి ఉత్తర జర్మనీ, డెన్మార్కు, నెదర్లాండ్సు తీరాల నుంచి ఆంగిల్స్, సాక్సన్లు, జూట్లు అనే తెగలవారు పడవలెక్కి వచ్చి స్థిరపడ్డారు. ఇంగ్లండు అన్న పేరు ఆ ఆంగిల్స్ వల్ల వచ్చిందే. 1066లో నార్మన్లు జయించేదాకా ఆ దేశంలో వీరిదే కాలం. మన లెక్కలో చెప్పాలంటే విష్ణుకుండినుల నాడు మొదలై, రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు గతించిన కొద్ది ఏళ్లకు ముగిసింది.

కాగితం లేని చోట

నేను ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. కాగితం ఉంటే మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు అన్నది మా ఆఫీసు వేదాంతం. ఆ లెక్కన చూస్తే మొదటి రెండు వందల ఏళ్ల ఆంగ్లో-సాక్సన్ రైతు గానీ, అతని భార్య గానీ లేనట్టే. వారు తమను గురించి రాసిపెట్టుకున్నది లేదు. బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 731లో వారి చరిత్ర గ్రంథం పూర్తిచేశాడు గానీ, అప్పటికి వారు వచ్చి సుమారు మూడు వందల ఏళ్లయింది. పైగా ఆయన దృష్టి మతం మీద, రాజుల మీద. గంజి ఎట్లా కాచుకున్నారో ఆయన ఎందుకు రాస్తాడు?

మరి ఆ సంగతి ఎవరు చెప్పాలి? మట్టే చెప్పాలి. గుంజ పాతిన గుంత, పగిలిన కుండ, కొరికి పారేసిన ఎముక, మాడిపోయిన గింజ, ఇవే అక్కడ రికార్డులు. పిల్లలకు మొట్టమొదట చెప్పవలసింది ఇదే. వారికి ఇది దొంగను పట్టే పోలీసు కథలాగా ఉంటుంది, చెవులు నిక్కబొడుచుకుని వింటారు.

ఇసుక కింద ఊరు

తూర్పు ఇంగ్లండులో సఫోక్ అనే సీమ ఉంది. అక్కడ లార్క్ నది పక్కన వెస్ట్ స్టో అనే చోట 1965 నుంచి 1972 వరకు స్టాన్లీ వెస్ట్ అనే ఆయన తవ్వకాలు జరిపించారు. సుమారు 420 నుంచి 650 వరకు జనం కాపురమున్న పల్లె బయటపడింది. చిన్న గుడిసెలు డెబ్బై దాకా, పెద్ద ఇళ్లు ఏడు. అన్నీ ఒక్కసారి ఉన్నవి కావు, ఒకటి పాడైతే ఇంకొకటి కట్టుకుంటూ వచ్చినవి. ఊరు ఖాళీ అయ్యాక ఎప్పుడో ఇసుక మేట వేయడం వల్ల ఆ ఆనవాళ్లు నాగలికి దొరకకుండా బతికిపోయాయి.

ఆనవాళ్లు అంటే గోడలూ కప్పులూ దొరికాయని అనుకోవద్దు. కర్ర ఎప్పుడో చీకిపోయింది. గుంజ ఉన్న చోట మట్టి మాత్రం నల్లగా వేరే రంగులో ఉంటుంది. మన పెళ్లి పందిరి తీసేశాక గుంతలు పూడ్చినా, వాన పడితే ఆ చోటు తెలిసిపోతుంది చూడండి, అట్లాగన్నమాట. ఆ మచ్చల వరుసను బట్టి ఇల్లు ఎంత పొడవు, ఎంత వెడల్పు, వాకిలి ఎటువైపు అని లెక్క కడతారు.

ఆ చిన్న గుడిసెల అడుగున నేల గొయ్యిలాగా తవ్వి ఉంటుంది. 1920లలో సటన్ కోర్ట్‌నీ అనే చోట ఇలాంటివి తవ్విన లీడ్స్ అనే పండితుడు, ఆ గోతుల్లోనే ఎముకల మధ్య, చెత్త మధ్య జనం కాపురాలు చేశారని తలచాడు. ఆ మాటే చాలాకాలం నిలిచింది. వెస్ట్ స్టోలో 1970లలో మొదలుపెట్టి, ఆనాటి పనిముట్లతో, ఆనాటి కర్రతో, రెల్లు కప్పుతో ఆ గుడిసెలను అదే చోట మళ్లీ కట్టి చూశారు. గోతిలో మనుషులు తిరిగితే దాని అంచులు రాలిపోతున్నాయి. పాత గోతుల అంచులు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. కాలిపోయిన గుడిసెల్లో బొగ్గయిన పలకలు దొరికాయి. దీన్నిబట్టి గొయ్యి మీద పలకల నేల వేసుకుని పైన మసలుకున్నారనీ, కింది ఖాళీ గాలి ఆడడానికో సామాను దాచడానికో అయి ఉంటుందనీ అక్కడివారు తేల్చారు. గోతిలోని చెత్త, గుడిసె వదిలేశాక జనం తెచ్చి పోసినది.

ఒక పేదవాడి ఇంటి మీద పడిన నింద ఈ విధంగా తొలగిపోయింది. అది తొలగించినది శాసనం కాదు, కట్టి చూసిన అనుభవం.

మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ ఊరు చూశాను. నిలువెత్తు రెల్లు కప్పు, మధ్యన పొయ్యి, లోపలంతా పొగ వాసన. మా మనవరాలు ముక్కు మూసుకుంది. నాకు మాత్రం మా అమ్మమ్మగారి వంటిల్లు గుర్తుకు వచ్చింది.

తిరగలి, కదురు, దువ్వెన

ఇక ఇంట్లోని వస్తువులు. వీటి దగ్గరే మన తరం వాళ్లం పిల్లలకు పనికివస్తాం.

వారికి తిరగలి ఉండేది. కొన్నింటికి రాయి జర్మనీలోని రైన్ నది సీమ నుంచి వచ్చింది. అగ్నిపర్వతం నుంచి పుట్టిన గరుకు రాయి అది. గోధుమలు, బార్లీ విసురుకునేవారు. మాడిన గింజలు మట్టిలో చెడకుండా మిగులుతాయి గనుక ఏ ధాన్యమో తెలుస్తుంది. వెస్ట్ స్టోలో లక్షకు పైగా ఎముక ముక్కలు దొరికాయి. పశువులు, గొర్రెలు, పందులవి ఎక్కువ. పళ్ల అరుగుదల చూసి ఏ వయసులో కోశారో, కత్తి గాట్లు చూసి ఎట్లా కోశారో చెబుతారు. బంగాళాదుంప, టమాటా, చక్కెర, తేనీరు ఆ ఇళ్లలో లేవు. తీపి అంటే తేనె. "పాపం!" అంది మా మనవరాలు. ఆ రోజుల్లో మనకు మిరపకాయ కూడా లేదని, అది పోర్చుగీసువారు తెచ్చినదని చెబితే ఇంకా జాలిపడింది.

కదురుకు బరువుగా గుచ్చే బిళ్లలు ఎముకతో, మట్టితో, రాతితో చేసినవి విరివిగా దొరుకుతాయి. వారి మగ్గం గోడకు చేరవేసిన నిలువు చట్రం. పడుగు దారాలు బిగువుగా ఉండటానికి కింద మట్టి గుండ్లు కట్టేవారు. మగ్గం చీకిపోయింది, బట్ట చీకిపోయింది, గుండ్లు మాత్రం కొన్ని చోట్ల పడినవి పడినట్టే వరుసగా దొరికాయి. ఆ వరుస పొడవే మగ్గం వెడల్పు! తుప్పు పట్టిన పిన్నులకు అంటుకుని మిగిలిన దారపు పోగులను బట్టి నేత ఎటువంటిదో కూడా చెబుతున్నారు.

జింక కొమ్ముతో చేసిన దువ్వెనలు చూస్తే, పళ్లు ఎంత సన్నగా కోశారో ఆశ్చర్యం వేస్తుంది. వాటిని చనిపోయినవారితో పాటు పాతిపెట్టేవారు. నార్‌ఫోక్ సీమలోని స్పాంగ్ హిల్ అనే శ్మశానంలో రెండు వేలకు పైగా అస్థికల కుండలు దొరికాయి. అంటే వారిలోనూ దహనం ఉండేది, అస్థికలను కుండలో పెట్టడం ఉండేది. ఒక కుండ మూత మీద మట్టి బొమ్మ, ఒక మనిషి కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. దాన్ని చూస్తే ఏ భాషవాడికైనా దుఃఖం అర్థమవుతుంది.

పిల్లలను నవ్వించాలంటే యార్క్ నగరం సంగతి చెప్పండి. 1972లో ఒక బ్యాంకు కట్టే చోట దాదాపు జానెడు పొడవున, రాయిలాగా గట్టిపడిన మలం దొరికింది. అది అక్కడ స్థిరపడిన వైకింగుల నాటిది. పరీక్షిస్తే రొట్టె, మాంసం తిన్నాడని, కడుపులో నులిపురుగుల బాధ ఉందని తేలింది. దాన్ని ప్రదర్శనశాలలో గాజు పెట్టెలో పెట్టారు! ఈ కథ ఒక్కసారి విన్న పిల్లలు ఆ పాఠం జన్మలో మరచిపోరు.

మూడు గళ్ల రిజిస్టరు

పిల్లలకు నేను నేర్పిన ఒక పద్ధతి ఉంది. నోటుబుక్కులో మూడు గళ్లు గీయించాను. మొదటి గడిలో "దొరికినది", రెండవ గడిలో "దాన్నిబట్టి తెలిసినది", మూడవ గడిలో "మనం ఊహించినది". మట్టి గుండు మొదటి గడి. ఇక్కడ మగ్గం ఉండేది అన్నది రెండవ గడి. నేసే ఆవిడ పాట పాడుకుంటూ నేసింది అన్నది మూడవ గడి. మూడవ గడి తప్పు కాదు, లేకపోతే పిల్లలకు రుచి ఉండదు. అయితే మూడవ గడిలోది మొదటి గడిలోకి ఎక్కించకూడదు. ఆఫీసులో అట్లా ఎక్కిస్తే మెమో వస్తుంది, చరిత్రలో అట్లా ఎక్కిస్తే తగాదాలు వస్తాయి.

"ఇది మన చరిత్రేనా తాతయ్యా?"

ఒకరోజు మా మనవరాలు బడి నుంచి చిన్నబోయి వచ్చింది. తోటి పిల్లవాడెవరో "ఆంగ్లో-సాక్సన్లు మా వాళ్లు, మీ వాళ్లు కాదు" అన్నాడట. "ఇది మన చరిత్రేనా తాతయ్యా?" అని అడిగింది. అటువంటి మాటకు అబద్ధం చెప్పి ఓదార్చకూడదు. మూడు గళ్ల పుస్తకం తీయమన్నాను.

ఆంగ్లో-సాక్సన్లు కూడా ఆ దేశానికి పడవల్లో వచ్చినవారే. 2022లో ప్రచురించిన జన్యు పరిశోధనలో, తూర్పు, దక్షిణ ఇంగ్లండులోని ఆనాటి సమాధుల్లో ఉన్నవారి వంశమూలం 76 శాతం వరకు సముద్రం అవతలిదని తేలింది. మిగిలినది అక్కడి పాతవారిది. అంటే వచ్చినవారూ, ఉన్నవారూ కలిసిపోయారన్న మాట. కెంట్ సీమలో అప్‌డౌన్ అనే శ్మశానంలో 7వ శతాబ్దపు బాలిక ఒకతె ఉంది. పది, పదమూడేళ్ల మధ్య వయసు. ఆమె వంశమూలంలో మూడో వంతు పశ్చిమ ఆఫ్రికాది. ఆమెను ఊరివారందరి మాదిరిగానే కుండ, కత్తి, ఎముక దువ్వెన పెట్టి సాగనంపారు.

ఇక మన దేశం సంగతి. 1939లో సటన్ హూ అనే చోట బాసిల్ బ్రౌన్ అనే ఆయన తవ్వగా 27 మీటర్ల ఓడ సమాధి బయటపడింది. ఓడ చెక్క పోయింది, ఇనుప మేకుల వరుస, ఇసుకలో ముద్ర మిగిలాయి. అందులోని బంగారు నగల్లో ఎర్రని గోమేధికపు రాళ్లు వేలకొద్దీ పొదిగి ఉన్నాయి. ఆ కాలపు నగల్లోని ఇటువంటి రాళ్లు చాలావరకు భారతదేశం, శ్రీలంకల నుంచి చేతులు మారుతూ వెళ్లినవని రసాయన పరీక్షలు చెబుతున్నాయి. మన పూర్వపు ఖమ్మం జిల్లాలోని గరీబ్‌పేట కొండ రాళ్లను పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో పూసలుగా చేసేవారని 2017 నాటి పరిశోధన ఒకటి చూపించింది. గరీబ్‌పేట రాయే సటన్ హూ చేరిందని మాత్రం చెప్పవద్దన్నాను. అది మూడవ గడి.

"రక్తం చేత మనం వాళ్లం కాము తల్లీ. కానీ నువ్వు నడిచే నేల చరిత్ర నువ్వు నేర్చుకుంటే అది నీదవుతుంది. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు" అన్నాను. తరువాత నాయనమ్మ తిరగలి ఎట్లా తిప్పేదో అడిగి రాసుకుని బడిలో చెప్పింది. తరగతిలో తిరగలి విసిరిన మనిషిని ఎరిగిన పిల్ల అదొక్కతే. పంతులమ్మగారు రెండుసార్లు చెప్పించుకున్నారట.

మిత్రులకు మనవి

ఇంట్లో పిల్లలుంటే ఒక ఆట ఆడించండి. ఆ రోజు చెత్తబుట్ట తీసి, ఇందులో వెయ్యేళ్ల తరువాత ఏది మిగులుతుంది, దాన్ని చూసి మన గురించి ఏమనుకుంటారు అని అడగండి. కాగితం పోతుంది, అరటి తొక్క పోతుంది, మామిడి టెంక మాడి ఉంటే మిగులుతుంది, పింగాణీ ముక్క, గాజు ముక్క మిగులుతాయి. చరిత్ర ఎట్లా తయారవుతుందో అప్పుడు వారికే తెలుస్తుంది.

రెండవది, అటక మీద ఉన్న తిరగలినో, కదురునో, కవ్వాన్నో పాతసామానువాడికి వేయకముందు ఒకసారి పిల్లల చేత పట్టించండి. దానిని ఎట్లా పట్టుకోవాలో, ఎటు తిప్పాలో, చేయి ఎక్కడ నొప్పి పుడుతుందో చెప్పండి. వస్తువు మట్టిలో మిగులుతుంది గానీ, తిప్పే తీరు మట్టిలో మిగలదు. అది తెలిసినవాళ్లం మనమే.