లైబ్రరీ: చెట్టు బెరడు నుంచి డీఎల్ఎల్ దాకా

లాటిన్‌లో ‘లిబెర్’ అంటే మొదట చెట్టు లోపలి బెరడు. తర్వాత పుస్తకానికీ అదే పేరైంది. అందులోంచి పుట్టిన ‘లైబ్రరీ’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకూ, అక్కణ్ణుంచి మనకూ చేరింది.

కంప్యూటర్ల లోకంలో ఈ మాట కేంబ్రిడ్జిలో గట్టిగా వేళ్లూనుకుంది. అక్కడ 1949లో పని మొదలుపెట్టిన ఎడ్సాక్ యంత్రం కోసం, పదేపదే అవసరమయ్యే లెక్కల విధానాలను కాగితపు టేపుల మీద గుద్ది బీరువాలో భద్రపరిచేవారు. కావలసినవారు తీసి నకలు చేసుకునేవారు. అక్కడి పరిశోధకులు విల్క్స్, వీలర్, గిల్ 1951లో ఈ పద్ధతిని వివరిస్తూ పుస్తకం వెలువరించారు.

విండోస్‌లో ‘డీఎల్ఎల్’ (డైనమిక్ లింక్ లైబ్రరీ) అనే ఫైళ్ల పేరులోని చివరి అక్షరం ఈ లైబ్రరీదే. అలాంటి ఒక్క ఫైలును ఎన్నో ప్రోగ్రాములు పంచుకోగలవు. కంప్యూటర్ ఆన్ చేయగానే ఫలానా డీఎల్ఎల్ కనబడలేదని సందేశం వస్తే, తరచూ కారణం ఇది: ప్రోగ్రాము తీసేసినప్పుడు ఫైలు పోయింది, దాన్ని పిలిచే ఆదేశం స్టార్టప్ జాబితాలోనో టాస్క్ షెడ్యూలర్‌లోనో మిగిలిపోయింది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘ఆటోరన్స్’తో ఆ ఆదేశాన్ని వెతికి ఆపేయవచ్చు. ఆ ప్రోగ్రాము కావాలనుకుంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఊరూపేరూ లేని సైట్ల నుంచి మాత్రం డీఎల్ఎల్ ఫైళ్లు దించుకోకండి.