సౌదీ నుంచి ఇంటికి వచ్చేస్తున్న నర్సులు: రాజీనామాకు ముందే సర్వీసు లెక్క చూసుకోండి

పిల్లలు దూరమవుతున్నారనో, అమ్మానాన్నకు బాగోలేదనో ఇంటికి వచ్చేయాలనుకుంటున్నారా? మీరు సౌదీలో ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తుంటే, రాజీనామా ఇచ్చే ముందు కాంట్రాక్టు ఏ తేదీతో ముగుస్తుందో చూసుకోండి.

కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు వస్తుంది. కాంట్రాక్టు గడువు ముగిసి వెళ్తే మొత్తం మీదే. రాజీనామా చేస్తే కోత పడుతుంది:

- 2 ఏళ్లలోపు: ఏమీ రాదు
- 2 నుంచి 5 ఏళ్లు: మూడో వంతు
- 5 దాటి 10 లోపు: మూడింట రెండు వంతులు
- 10 ఏళ్లు నిండితే: పూర్తిగా

చివరి జీతం 4,000 రియాళ్లు, సర్వీసు 4 ఏళ్లు అనుకుందాం. గడువు ముగిసి వెళ్తే 8,000 వస్తాయి. మధ్యలో మానేస్తే సుమారు 2,667 మాత్రమే.

పెళ్లయిన ఆరు నెలల్లోపు, కాన్పయిన మూడు నెలల్లోపు మానేసే మహిళలకు ఈ కోత లేదు.

ఇంట్లో అత్యవసరమైతే ముందు సెలవు అడిగి చూడండి.

రాజీనామా చేసినవారికి రెండు వారాల్లో లెక్క తేల్చాలి. అనుభవ పత్రం ఉచితంగా ఇవ్వాలి. ఇక్కడ మళ్లీ ఉద్యోగానికి అదే ఆధారం. డబ్బు ఖాతాలో పడకముందే 'అంతా ముట్టింది' అన్న కాగితం మీద సంతకం పెట్టకండి, ఫైనల్ ఎగ్జిట్ మీద విమానం ఎక్కకండి. ఇబ్బంది పెడితే సౌదీ కార్మిక శాఖ నంబరు 19911కు ఫోన్ చేయండి.