ఫోటోషాప్

అడోబీ సంస్థ విక్రయించే చిత్ర సవరణ సాఫ్ట్‌వేర్. అమెరికాకు చెందిన థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు 1987లో దీనికి శ్రీకారం చుట్టారు. 1990లో మకింటోష్ కోసం తొలి వెర్షన్ విడుదలైంది. చిత్ర భాగాలను విడివిడి పొరలుగా ఉంచే లేయర్లు 1994లో వచ్చాయి. చేసిన మార్పులను వరుసగా రద్దు చేసుకునే హిస్టరీ సౌకర్యం 1998లో గానీ అందలేదు. అప్పటిదాకా ఒక్క అడుగే వెనక్కి వెళ్లే వీలుండేది.

వాడుకరులను బాగా విసిగించేది ‘స్క్రాచ్ డిస్క్ నిండింది’ అనే సందేశం. ర్యామ్ చాలనప్పుడు సాఫ్ట్‌వేర్ డిస్కులోని ఖాళీ జాగాను తాత్కాలికంగా వాడుకుంటుంది. లేయర్లు, హిస్టరీ దశలు పెరిగేకొద్దీ అదీ నిండి పని ఆగిపోతుంది. ఫోటోషాప్ సొంత ఫార్మాట్ అయిన పీఎస్‌డీ ఫైలు 2 జీబీ దాటితే సేవ్ కాదు, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీగా భద్రపరచాలి. 2013లో ప్రకటించిన చందా విధానం చిన్న స్టూడియోలకు భారమైంది.

తెలుగు డిజైనర్ల కష్టం ఇంకా లోతైనది. పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోయేవి. అందుకే పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు చేసేవారు అను వంటి యూనికోడేతర ఫాంట్లనే నమ్ముకున్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే పాఠాన్ని వేరే ఫాంటులోకి మారిస్తే అక్షరాలు అర్థంలేని గుర్తులవుతాయి. తర్వాతి వెర్షన్లలో దక్షిణాసియా లిపుల అమరిక ఎంచుకుంటే వత్తులు కుదురుకునేవి. ఇంత అవసరమైన అమరికను ప్రిఫరెన్సెస్‌లో వెతుక్కోవలసి రావడం అప్పట్లో పెద్ద లోపంగా ఉండేది.