ఫరహాబాద్: నిజాం శికారు నుంచి మన సఫారీ దాకా

ఈసారి ఎపిసోడ్‌లో కోటలు లేవు, యుద్ధాలు లేవు. ఒక అడవి ఉంది. ఆ అడవి ఎవరిది అనే ప్రశ్న ఉంది.

మాది ఇటిక్యాల. పోయిన చలికాలం నేనూ ఇద్దరు దోస్తులూ బైకుల మీద బయల్దేరినం. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి బ్రిడ్జి, పెబ్బేరు, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటితే మన్ననూరు. అక్కడి నుంచి నల్లమల. రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు గేటు పడుతుంది కాబట్టి ముందే చేరుకున్నాం. తెల్లారి ఫరహాబాద్ గేటు దగ్గర ఫారెస్టు వాళ్ల సఫారీ జీపు ఎక్కినం.

మనసులో ఒకటే: పెద్దపులి కనిపించాలి, వీడియో తీయాలి. కనిపించినవేంటంటే జింకల మంద, రెండు కణుజులు, దుమ్ములో పులి అడుగు ముద్ర. అంతే. కానీ చివర్లో వ్యూ పాయింట్ దగ్గర నిలబడి, కింద లోయ చూస్తుంటే ఒక డౌట్ వచ్చింది. ఇంత దట్టమైన అడవికి ఉర్దూ పేరేంటి?

'ఫరా' అంటే సంతోషం. 'ఆబాద్' అంటే జనం ఉండే చోటు. పేరు పెట్టింది నిజాం కాలంలో. ఇది వాళ్ల శికార్‌గా, అంటే వేట కోసం ప్రత్యేకంగా ఉంచుకున్న అడవి. ఆ కాలం కట్టడాల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు పులుల వేటగాడిగా పెద్ద పేరు. అప్పట్లో శికారు ఎలా ఉండేదంటే, దొర మంచె మీద తుపాకీతో కూర్చుంటాడు. కింద జనం డప్పులు కొట్టుకుంటూ పులిని అటువైపు తోలాలి. ఫొటోలో దొర ఉంటాడు, తోలినవాళ్లు ఉండరు.

మరి ఈ అడవిలో అప్పటికే ఉన్నదెవరు? చెంచులు. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, చిన్న చిన్న పెంటల్లో బతికేవాళ్లు. వాళ్ల గురించి మొదటి పెద్ద పుస్తకం రాసింది ఎవరో తెలుసా? వియన్నా నుంచి వచ్చిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. కథ ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రువు. హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. ఆయన 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ గుట్టల మీదికి వచ్చి చెంచుల మధ్య ఉన్నాడు. 1943లో పుస్తకం వచ్చింది. ఆయన పని వల్లనే నిజాం సర్కారు సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం రిజర్వుగా పక్కన పెట్టింది.

ఇక స్వతంత్ర భారతంలోకి వద్దాం. 1972 వన్యప్రాణి చట్టంతో వేట బంద్ అయింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, 1983లో టైగర్ రిజర్వు. 2014లో రాష్ట్రం విడిపోయాక మనవైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. పులికి రక్షణ దొరికింది, మంచిదే. 2019లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణ అనే మాట వస్తే చెంచులు, ఊళ్ల జనం, హైదరాబాద్ యూత్ అందరూ అడ్డం తిరిగారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

కానీ ఇంకో ప్రశ్న మిగిలింది. పులుల కోర్ ఏరియాలో ఉన్న ఊళ్లను బయటికి తరలించడం. చట్టం ప్రకారం అది వాళ్ల ఇష్టంతోనే జరగాలి. 2021 నుంచి కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ.

మా జీపులో వచ్చిన ట్రాకర్ అన్న చెంచు. అడుగు ముద్ర చూపించింది ఆయనే. "ఖాళీ చేస్తే పైసలిస్తరు కదన్నా" అన్నాను తెలిసినట్టు. ఆయన నవ్విండు. "ఇస్తరు సార్. పైసలు ఖర్చయితయి. మల్ల తేనె ఏడ తియ్యాలె?"

నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే మా వైపు ఈ కథ ముందే జరిగింది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వర గుడిని రాయి రాయి విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. గుడిని అలా కట్టొచ్చు, ఊరిని కట్టలేం. మునిగిన ఊళ్ల ముసలివాళ్లను కదిలిస్తే పరిహారం లెక్క చెప్పరు, చింతచెట్టు కింద రచ్చబండ గురించి చెప్తారు.

అందరూ ఉండాల్సిందే అనడం లేదు. బడి, దవాఖాన దగ్గరుండాలని పోదామనే కుటుంబాలూ ఉంటాయి. నిర్ణయం వాళ్లది కావాలి, అంతే.

మీరూ ఫరహాబాద్ పోండి. వానాకాలం మూడు నెలలు సఫారీ ఉండదు, చూసుకోండి. ప్లాస్టిక్ పడేయకండి. పులి కనపడకపోతే ఫీల్ కావద్దు. జీపులో ముందు కూర్చున్న అన్నను మీ పెంట ఏదన్నా అని అడగండి. ఆయన చెప్పేది వినండి. అసలు హిస్టరీ అక్కడుంది.

ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.