నాడి లయ నుండి నిర్ణయం దాకా: కొనసాగే కర్ణికాప్రకంపన చికిత్స - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
గుండె పైగదులైన కర్ణికలు లయ తప్పి వణికే స్థితిని ఆధునిక వైద్యం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటుంది. ఈ వ్యాసంలో దానిని 'కర్ణికాప్రకంపనం' అని వ్యవహరించడమైనది. ఏడు రోజులు దాటి కొనసాగే ప్రకంపనానికి ఏ చికిత్స చేయాలనే నిర్ణయం గడచిన రెండు శతాబ్దాలకు పైగా కాలంలో ఎలా మారుతూ వచ్చిందో పరిశీలించడం, ఆ నిర్ణయంలో రోగి స్థానాన్నీ, తెలుగు పరిభాష పాత్రనూ గుర్తించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: నాడి, లయ, కర్ణికాప్రకంపనం, అబ్లేషన్, పరిభాష, నిర్ణయం.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి వ్యవహారంలో 'నాడి' ఒక్క రక్తనాళానికే పరిమితమైన మాట కాదు. 'జనం నాడి పట్టుకున్నాడు' అన్నప్పుడు అది మనసు తెలుసుకోవడం. నాడి నడకను పాము, కప్ప, హంస నడకలతో పోల్చి చెప్పడం మన నాడీశాస్త్ర సంప్రదాయం. తెలుగునాట ప్రసిద్ధమైన వైద్యగ్రంథం 'బసవరాజీయం' నాడీపరీక్షకు ప్రముఖ స్థానమిచ్చింది. అయితే ప్రాచీనులు చెప్పిన ప్రతి విషమనాడినీ నేటి కర్ణికాప్రకంపనంగా గుర్తించడం చారిత్రకంగా సమంజసం కాదు. వేలికి తెలిసేది లయభంగం మాత్రమే. ఆ భంగం గుండెలో ఎక్కడ పుట్టిందో తెలియడానికి యంత్రం రావలసివచ్చింది.

2. వేగమా? లయా?:
1785లో ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్ ఫాక్స్‌గ్లవ్ మొక్క ఔషధగుణాలపై గ్రంథం ప్రకటించాడు. ఒళ్ళు నీరుపట్టిన రోగులకు ఆయన ఆ ఆకును వాడాడు. దాని నుండి వచ్చిన డిజిటాలిస్ జఠరికల వేగాన్ని తగ్గిస్తుంది కాని, కర్ణికల వణుకును ఆపదు. జేమ్స్ మెకంజీ మెడసిర కదలికలను నమోదుచేసి, కొందరు రోగులలో కర్ణిక సంకోచాన్ని తెలిపే అల మాయమవుతున్నదని గమనించాడు. 1906లో విల్లెం ఐంథోవెన్ ప్రచురించిన విద్యుత్ హృల్లేఖనాలలో ఈ లయభంగం కూడా ఉంది. 1909లో లండన్‌లో థామస్ లూయిస్, వియన్నాలో రోత్‌బర్గర్, వింటర్‌బర్గ్‌లు దాని మూలం కర్ణికల ప్రకంపనమేనని విడివిడిగా నిరూపించారు.

లయను తిరిగి తెచ్చే మార్గాన్ని మాత్రం ఒక రోగి చూపించాడు. 1912లో కారెల్ వెంకెబాక్ వద్దకు వచ్చిన డచ్చి వర్తకుడు, తన నాడిని తానే సరిచేసుకోగలనని చెప్పి, క్వినైన్ తీసుకొని మరునాడు సమలయతో తిరిగివచ్చాడు. మలేరియా మందు గుండెకు పనిచేయడం వెంకెబాక్‌ను ఆశ్చర్యపరచింది. 1914లో ఆయన ఈ సంగతిని గ్రంథస్థం చేశాడు. 1918లో వాల్టర్ ఫ్రే ఆ జాతికే చెందిన క్వినిడిన్ మరింత శక్తిమంతమని తేల్చాడు. ఈ చికిత్సాచరిత్ర తొలి ఘట్టంలోనే రోగి తన అనుభవంతో పాల్గొన్నాడన్నది గమనార్హం.

క్వినిడిన్ కొందరిలో ప్రాణాంతకమైన కొత్త లయభంగాలను కలిగించింది. 1962లో బెర్నార్డ్ లౌన్ బృందం గుండె స్పందనతో సమయం కలిపి ఏకముఖ విద్యుత్తును ప్రసరింపజేసే పద్ధతిని ప్రకటించింది. దీనితో క్షణంలో లయ తిరిగిరావడం సాధ్యమైంది. కాని అది నిలవడం వేరే సమస్య.

3. కోత, కాల్పు, గడ్డకట్టింపు:
1982లో మెల్విన్ షైన్మన్ బృందం కర్ణికలకూ జఠరికలకూ నడుమనున్న విద్యుత్ మార్గాన్ని కాథెటర్ ద్వారా తెంచే చికిత్సను ప్రచురించింది. నాడి వేగం అదుపులోకి వస్తుంది. కాని కర్ణికలు వణుకుతూనే ఉంటాయి, రోగి జీవితాంతం పేస్‌మేకర్‌పై ఆధారపడాలి. ఇది వెనుదిరగలేని నిర్ణయం.

1987లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాక్స్ మేజ్ శస్త్రచికిత్స చేశాడు. మేజ్ అంటే చిక్కుదారుల అల్లిక. కర్ణికల గోడలను నిర్ణీత రేఖలలో కోసి కుడితే, ఆ మచ్చలు విద్యుత్తును దాటనివ్వవు. సుడి తిరిగే తరంగాలకు చోటుండదు. క్రమమైన స్పందన మాత్రం తనకు మిగిల్చిన దారిలో సాగుతుంది. ఫలితం గొప్పదే కాని, దానికి ఛాతీ తెరవాలి, గుండెను తాత్కాలికంగా ఆపాలి.

1998లో ఫ్రాన్సులోని బోర్డోలో మిషెల్ ఐసగేర్ బృందం 45 మంది రోగులను పరిశీలించి, ప్రకంపనాన్ని రేపే 69 కేంద్రాలలో 65 పుపుస సిరలలోనే ఉన్నాయని చూపింది. అంటే 94 శాతం. ఆ సిరల ద్వారాల చుట్టూ కణజాలాన్ని వేడితో కాల్చి వేరుచేయడం అబ్లేషన్‌కు పునాది అయింది. తరువాత అతిశీతలంతో గడ్డకట్టించే బెలూన్ వచ్చింది. 2023 డిసెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ విద్యుత్ స్పందనాలతో పనిచేసే తొలి పల్స్‌డ్ ఫీల్డ్ పరికరానికి అనుమతినిచ్చింది.

ఇక్కడొక మెలిక ఉంది. ఐసగేర్ పరిశీలించినవారు విడతలుగా ప్రకంపనం వచ్చే రోగులు. కొనసాగే ప్రకంపనంలో కర్ణిక సాగి, మచ్చలు కట్టి, తానే రోగానికి నెలవవుతుంది. కాబట్టి మరిన్ని చోట్ల కాల్చాలని చాలామంది భావించారు. 2015లో వెలువడిన స్టార్ ఏఎఫ్-2 అధ్యయనం 589 మంది కొనసాగే ప్రకంపన రోగులపై దీనిని పరీక్షించింది. 18 నెలల తరువాత ప్రకంపనం తిరగబెట్టనివారు సిరలను మాత్రమే వేరుచేసిన వర్గంలో 59 శాతం. అదనంగా కాల్చిన రెండు వర్గాలలో 49, 46 శాతం మాత్రమే. ఎక్కువ చేయడం ఎక్కువ మేలు కాదని ఈ అంకెలు తెలిపాయి.

4. నిర్ణయానికి కొలమానం:
2002లో వచ్చిన అఫర్మ్ అధ్యయనం 4,060 మందిలో లయను నిలిపే మందులనూ, వేగాన్ని తగ్గించే మందులనూ పోల్చి, లయమార్గం ఆయుష్షును పెంచలేదని తేల్చింది. 2020లో 2,789 మందితో జరిగిన ఈస్ట్ అధ్యయనం వేరొక మాట చెప్పింది: రోగం గుర్తించిన ఏడాదిలోపే లయచికిత్స ఆరంభిస్తే పక్షవాతం వంటి ఆపదలూ మరణాలూ కలిపి చూసినప్పుడు తగ్గాయి. 2019 నాటి కబానా అధ్యయనంలో (2,204 మంది) అబ్లేషన్ మరణాది ప్రధాన ఆపదలను నిర్ణాయకంగా తగ్గించలేదు. జీవన నాణ్యతను మాత్రం మెరుగుపరచింది. గుండె బలహీనపడిన 363 మందిని పరిశీలించిన కాసిల్ అధ్యయనంలో (2018) మరణం లేదా ఆసుపత్రిపాలవడం 44.6 నుండి 28.5 శాతానికి తగ్గింది.

ఈ ఫలితాలు పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి అవి వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. ఆయాసం పోవాలా, ఆయుష్షు పెరగాలా, మందులు మానాలా అన్నది ముందు తేలాలి. మూడవ ఆశతో అబ్లేషన్‌కు వెళ్ళేవారు ఒకటి తెలుసుకోవాలి. రక్తం గడ్డకట్టనివ్వని మందు కొనసాగింపు పక్షవాతపు ముప్పును బట్టి ఉంటుంది, లయ తిరిగి రావడాన్ని బట్టి కాదు. చికిత్సలో గుండెపొరలో రక్తం చేరడం, పక్షవాతం, అరుదుగా అన్నవాహికకు గాయం వంటి అపాయాలు ఉన్నాయి. రెండవసారి చేయవలసి రావచ్చు.

మన దేశానికి సంబంధించి మరొక అంశం ఉంది. కీళ్ళవాతజ్వరం వల్ల ద్విపత్ర కవాటం ఇరుకైనవారిలో చిన్న వయసులోనే ప్రకంపనం కనిపిస్తుంది. వీరికి కవాట చికిత్స ప్రధానం. శస్త్రచికిత్స జరిగితే అదే సమయంలో మేజ్ చేసే అవకాశాన్నీ పరిశీలిస్తారు. 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో ఇటువంటి రోగులకు కొత్త మందు రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ తరగతి పాతమందులే మేలని తేలింది. విదేశాల ఫలితాలను అందరికీ యథాతథంగా అన్వయించరాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

5. పరిభాష - అంగీకారం:
వైద్యులు ఈ రోగాన్ని పారాక్సిస్మల్, పెర్సిస్టెంట్, పర్మనెంట్ అని విభజిస్తారు. చివరి రెండింటినీ 'శాశ్వతం' అని అనువదిస్తే రోగి ఇక చేయగలిగిందేమీ లేదని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. పెర్సిస్టెంట్ అంటే వారం దాటి కొనసాగుతున్నదని మాత్రమే. పర్మనెంట్ అన్నదీ గుండె స్వభావాన్ని తెలిపే మాట కాదు. లయను తిరిగి తెచ్చే యత్నం ఇక వద్దని రోగీ వైద్యుడూ కలిసి అంగీకరించిన స్థితి అది. 2023 అమెరికా మార్గదర్శకాలు కూడా ఆ దశను ఇద్దరి నడుమ చర్చానంతర స్థితిగానే నిర్వచించాయి. అందుచేత ఈ మూడింటికి 'విడతల ప్రకంపనం', 'కొనసాగే ప్రకంపనం', 'అంగీకృత ప్రకంపనం' అనే మాటలను ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. రోగి సంతకం చేసే అంగీకారపత్రంలో ఒక్క మాట తేడా పడితే, అతడు తనకు తెలియకుండానే ఒక మార్గాన్ని వదులుకున్నవాడవుతాడు.

6. ముగింపు:
- డిజిటాలిస్ కాలం నుండి వేగం, లయ అనే రెండు మార్గాలు సమాంతరంగా సాగుతున్నాయి. ఒకటి రెండవదానిని పూర్తిగా తొలగించలేదు.
- విడతల ప్రకంపనంలో ఫలించిన పద్ధతిని కొనసాగే ప్రకంపనానికి విస్తరించినప్పుడు ఫలితం పరిమితమైంది. కాలయాపన కూడా ఒక నిర్ణయమే, దానికీ మూల్యం ఉంది.
- చికిత్స ఎంపికకు రోగి ఆశించేదే తొలి కొలమానం కావాలి.
- ఆ ఆశను స్పష్టంగా చెప్పుకోవడానికి తగిన తెలుగు పరిభాష అవసరం.

వెంకెబాక్ తన రోగి మాటను కొట్టిపారవేయలేదు. ఆ వినడం నుండే లయచికిత్సకు దారి ఏర్పడింది. నాడి పట్టడమంటే మనసు తెలుసుకోవడం అనే మన వాడుక వైద్యుని గదిలోనూ సార్థకం కావలసి ఉన్నది.