ఏడీపీ సీసా ఎన్నాళ్లు నిలుస్తుంది?

డెంగీ వచ్చాక ప్లేట్‌లెట్ల కౌంట్ గురించి ఊరూరా తెలిసింది. కౌంట్ సరిగ్గానే ఉన్నా రక్తం ఆగని మనుషులుంటారని మాత్రం తక్కువమందికి తెలుసు. అలాంటి జబ్బును 1918లో గ్లాంజ్‌మన్ వర్ణించాడు: ప్లేట్‌లెట్లు లెక్కకు ఉంటాయి, ఒకదానికొకటి అతుక్కోవు. అతుక్కుంటాయో లేదో చూడాలంటే వాటిని కదిలించే రసాయనం కావాలి. ఆ రసాయనమే చెడిపోయి ఉంటే ఆరోగ్యవంతుడి రక్తం కూడా రోగి రక్తంలాగే కనిపిస్తుంది.

ఇలాంటి రసాయనాల చరిత్రను మన యల్లాప్రగడ సుబ్బారావు నుంచి మొదలుపెట్టాలని నా అభిప్రాయం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. రంగు తెప్పించే ద్రావణాన్ని వెలుతురు తగలకుండా గోధుమరంగు సీసాలో దాచాలి, కొన్ని వారాలకోసారి కొత్తగా కలుపుకోవాలి. 1929లో వాళ్లిద్దరూ కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు. ఏటీపీలోంచి ఒక ఫాస్ఫేట్ ఊడితే ఏడీపీ. ఎర్రకణాల నుంచి వచ్చి ప్లేట్‌లెట్లను గుంపుకట్టించేది ఈ ఏడీపీయేనని 1961లో నార్వే శాస్త్రవేత్తలు తేల్చారు. మరుసటేడు లండన్‌లో గుస్తావ్ బోర్న్ ప్లాస్మా గుండా వెలుతురు పంపాడు. ఏడీపీ పడగానే కణాలు ముద్దకట్టి ద్రవం తేటపడటం గీతగా నమోదైంది.

అయితే నీళ్లలో కలిపిన ఏడీపీ నిలకడగా ఉండదు. ఇంకో ఫాస్ఫేట్ ఊడి ఏఎంపీ అయితే ప్లేట్‌లెట్లు దానికి స్పందించవు. అందుకే పొడిగా ఆరబెట్టి అమ్ముతారు, కలిపినదాన్ని చిన్న భాగాలు చేసి గడ్డకట్టిస్తారు. ప్లేట్‌లెట్లను కదిలించే రసాయనాలు ఇంకా ఉన్నాయి. వాటిలో కొల్లాజెన్‌ను మాత్రం గడ్డకట్టించకూడదు. అడ్రినలిన్ గాలికీ వెలుతురుకీ గులాబీరంగుకు తిరుగుతుంది. అరాకిడోనిక్ ఆమ్లం పాత నూనెలా ముక్కిపోతుంది కాబట్టి నైట్రోజన్ నింపి మూస్తారు. యాంటీబయాటిక్‌గా వచ్చిన రిస్టోసెటిన్ ప్లేట్‌లెట్లను తగ్గిస్తోందని వాడకం మానేశారు. 1971 నుంచి అదే, రక్తం ఆగని మరో జబ్బు అయిన వాన్ విల్లెబ్రాండ్‌ను పట్టే రసాయనమైంది. ఇన్ని సీసాలకు చల్లదనం కావాలి, పరీక్షించే రక్తానికి మాత్రం పనికిరాదు! దాన్ని గది వేడిమిలోనే ఉంచి నాలుగు గంటల్లో పని ముగించాలి.

ఇలాంటి పరీక్షా రసాయనాలకు (రియేజెంట్లకు) మూసిన సీసా ఆయుష్షు, తెరిచాక ఆయుష్షు, రవాణాలో తట్టుకునే శక్తి విడివిడిగా రుజువు కావాలని 2011లో ఐఎస్ఓ 23640 ప్రమాణం చెప్పింది. మూడోది మన ప్రాంతానికి ప్రాణం. సంగారెడ్డి జిల్లాలో ఎండ మేలో 40 డిగ్రీలు దాటుతుంది. చల్లగా దాచే అనుభవం జిల్లాలోనే ఉంది: పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో విత్తనాలను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏళ్లతరబడి కాపాడుతున్నారు. కందిలో ఐఐటీ ఉంది, సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన వైద్య పరికరాల పార్కు ఉంది, చుట్టూ మందుల ఫ్యాక్టరీలున్నాయి. ఇక్కడి ఎండలో, ఇక్కడి లారీల్లో తిప్పి పరీక్షించిన రియేజెంట్లు ఇక్కడే తయారుకావాలి. ఈ ప్లేట్‌లెట్ల పరీక్ష జిల్లా ల్యాబుకు అరుదుగా వస్తుంది. ఒకసారి కలిపిన పెద్ద సీసాలో చాలా భాగం గడువు దాటి పారబోయాల్సిందే. ఒక్క రోగికి సరిపడేంత ఆరబెట్టిన పొడిని చిన్న వయల్‌లో ఇవ్వగలిగితే, ఆ రక్తాన్ని హైదరాబాద్ దాకా పంపి నాలుగు గంటల గడువుతో పరుగుపెట్టే పని తప్పుతుంది.