తిక్కనను 'మామా' అని పిలిచిన నెల్లూరు రాజు

నేను నెల్లూరోణ్నే. అయినా బీటెక్ అయ్యేదాకా నాకు తిక్కన పేరే తెలుసు, ఆయన రాజు పేరు తెలీదు. ఆ రాజు రెండో మనుమసిద్ధి, 13వ శతాబ్దపు తెలుగు చోడుడు. మన ఊరు అప్పుడు విక్రమసింహపురి.

నాన్న తిక్కభూపాలుడు కంచి దాకా అధికారం నడిపాడు. కొడుక్కి మిగిలింది మాత్రం దాయాదుల గొడవ. అక్కన, బయ్యన గద్దె లాక్కున్నారు. అప్పుడు సాయం అడగడానికి ఓరుగల్లు వెళ్లింది ఎవరో సేనాని కాదు, కవి తిక్కనే అని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. కాకతీయ గణపతిదేవుడు సైన్యంతో వచ్చి మనుమసిద్ధిని మళ్లీ కూర్చోబెట్టాడు.

నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. నిర్వచనోత్తర రామాయణం మొదట్లో రాజు తిక్కనతో అంటాడు: నిన్ను మామా అని పిలుస్తున్నాను కదా, మరి నీ కావ్యకన్యను నాకే ఇవ్వు అని. ఏం అడిగాడండీ! తిక్కన ఇచ్చాడు కూడా, ఆ కావ్యం రాజుకే అంకితం.

తర్వాత పుల్లరి గొడవ. అంటే పశువులు మేపుకున్నందుకు కట్టే పన్ను. కాటమరాజు కట్టనన్నాడు, యుద్ధమైంది. రాజు తరఫున వెళ్లింది కవిగారి దాయాది ఖడ్గతిక్కన. ఆయన ఒకసారి వెనక్కొస్తే, ఇంట్లో భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచిందట, ఆడవాళ్లకి పెట్టినట్టు. మళ్లీ వెళ్లాడు. ఈసారి తిరిగి రాలేదు.